రుచి చూడని పులిహోర

రిటైరవడానికి రెండేళ్ల ముందు, వేసవిలో, న్యూజెర్సీలో తీస్తున్న ఒక వంటల పోటీ షోకు నన్ను ఫ్లయింగ్ ప్రొడ్యూసర్‌గా వేశారు. ఒక దేశంలో పుట్టిన షోను మరో దేశం కొనుక్కుంటే దాంతోపాటు లావుపాటి నిబంధనల పుస్తకం కూడా వెళ్తుంది. మా వృత్తిలో దాన్ని బైబిల్ అంటారు. దీపాల రంగు దగ్గర్నుంచి జడ్జి ఎక్కడ నిలబడాలనే దాకా అన్నీ అందులో ఉంటాయి. అవి తు.చ. తప్పకుండా జరిగేలా చూడటమే నా పని. నన్ను చూస్తే సెట్టు మీద అందరికీ ఒళ్లుమంట. ఆ సంగతి నాకు తెలుసు, లెక్కచేయలేదు.

ఆ వారం రౌండు ‘మీ ఇంటి పండుగ వంట’. పోటీదారుల్లో సుభద్ర అనే ఆవిడ ఉంది. పార్సిప్పనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఉద్యోగానికి సెలవు పెట్టి, నాలుగు రౌండ్లు నెగ్గి అక్కడిదాకా వచ్చింది. పులిహోర ఎంచుకుంది.

వండినవాళ్లు వడ్డించే ముందు చెంచాతో రుచి చూసే షాట్ తప్పనిసరి అంటుంది బైబిల్. అది లేకపోతే పోటీ నుంచి తప్పిస్తారు. సుభద్ర చెంచా ముట్టుకోలేదు. ఫ్లోర్ మేనేజర్ రెండుసార్లు గుర్తుచేశాడు. చివరికి కెమెరాలు ఆపించి నేనే వెళ్లి అడిగాను.

“పండగనాడు దేవుడికి పెట్టకముందు నోట్లో పెట్టుకోం కదా మేడం. ఇంట్లో ఎలా చేస్తామో అలాగే కుక్ చేయమన్నారు. అలాగే చేస్తున్నా.”

ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ గ్రెగ్‌ది ఆ సెట్టు మీద ఆఖరి మాట. ఖాళీ చెంచా పెదవులకు తాకిస్తే చాలు, మిగతాది ఎడిటింగ్‌లో చూసుకుంటామన్నాడు. నటించడం తన వల్ల కాదంది సుభద్ర. అయితే ఇంటికి పంపేద్దామన్నాడు గ్రెగ్. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. కోపం సగం అతని మీద, సగం నా మీద. ఎన్ని దేశాల్లో ఎంతమంది చేత ఆ చెంచా నోట్లో పెట్టించానో. వాళ్ల ఇళ్లలో ఏ పద్ధతి ఉందో ఒక్కసారీ అడగలేదు.

బైబిల్ మొదటి పేజీ తీసి గ్రెగ్‌కు చూపించాను. కెమెరా ముందు ఏదీ ఉత్తుత్తిగా చేయించకూడదని అందులోనే ఉంది. తర్వాత డీవియేషన్ నోట్ రాసి సంతకం పెట్టాను. ఒక ఎపిసోడ్‌కు ఒక నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చే కాగితం అది. దానికి హెడ్డాఫీసు అనుమతి ముందే తీసుకోవాలి. నేను తీసుకోలేదు. ఫిర్యాదు చేస్తానన్నాడు గ్రెగ్. నా పేరులో ఒక్కో అక్షరం చెప్పి రాసుకోమన్నాను.

షూటింగ్ సాగింది. పులిహోరలో ఉప్పు తక్కువైంది. జడ్జీలు ముగ్గురూ అదే మాటన్నారు. సుభద్ర ఓడిపోయింది. గ్రెగ్ నా వైపు చూసి నవ్వాడు. నేను చూపు తిప్పుకోలేదు.

ఆమె ఏప్రన్ మడిచి నా చేతికిచ్చింది.

“ఉప్పు తగ్గితే తగ్గింది మేడం. ఎంగిలి మాత్రం పెట్టలేదు.”

ఆ తర్వాత నన్ను ఏ సెట్టుకూ పంపలేదు. రిటైరయ్యేదాకా ఆఫీసులో కూర్చోబెట్టి, బైబిల్ కొత్త కూర్పు దిద్దే పని అప్పగించారు. రుచి షాట్ నిబంధన పక్కన ‘వండినవారి ఇంటి పద్ధతిని బట్టి’ అని చేర్చాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఇంతే: పోటీకి వచ్చిన మనిషి ఓడినా తన వంటతోనే ఓడాలి.