స్లైట్లీ బెటర్

తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు నాకు ఇంగ్లీషు మహా బాగా వచ్చని నమ్మకం. వెరీ, క్వైట్, రాదర్, స్లైట్లీ అని టీచరమ్మ బోర్డు మీద మెట్లు గీసి చెప్పింది. అన్నిటికన్నా కింది మెట్టు స్లైట్లీ. పలకడం కష్టం కాబట్టి అదంటే నాకు మోజు.

ఆ ఏడాది వానాకాలంలో నాయిన కడుపునొప్పితో దవాఖానలో చేరాడు. కాశిబుగ్గలో మా మగ్గం ఆగిపోయింది. డాక్టరమ్మ కొత్తగా వచ్చిన దొరసాని, తెలుగు ముక్క రాదు. ఆమె మాటలు తెలుగు చేసి చెప్పే నర్సు సెలవులో ఉంది. ఇంకేం, నేనే పండితురాలిని.

రోజూ పొద్దున డాక్టరమ్మ నొప్పి ఎలా ఉందని అడిగేది. నాయిన నోరే విప్పేవాడు కాదు. అమ్మ తల వంచుకుని, "జర నయమమ్మా" అనేది. నేను గొంతు సవరించుకుని "స్లైట్లీ బెటర్" అనేదాన్ని. వార్డు నిండా రోగులు, ఆమె నా మాటే రాసుకుని పోయేది. ఆరు రోజులు ఇదే పాట. ఏడో రోజు ఒక కాగితం రాసి నా చేతిలో పెట్టింది. మందులకు లొంగడం లేదు, హైదరాబాదు తీసుకెళ్ళి కడుపు కోయించాలట.

ఆ మాట అమ్మకు చెప్పాను. "కోసుడెందుకు బిడ్డా? నొప్పే లేదు గదా! మూడొద్దుల సంది బువ్వ మంచిగ తింటాండు."

"మరి రోజూ జర నయమంటవేందమ్మా?"

"మంచిగైండని నలుగుట్ల నోరు తెరిచి అంటరా? దిష్టి తాకదా?"

నిజమే. ఆ వార్డులో ఏ మంచం దగ్గర అడిగినా జర నయమే. పుట్టినప్పటి నుంచి వింటున్న మాట, నాకు తట్టలేదు. నా చదువు మీద నాకే ఒళ్ళు మండింది.

వరండాలో పరుగెత్తి డాక్టరమ్మ కోటు పట్టుకున్నాను. "వెరీ మచ్ బెటర్! నో పెయిన్!" ఆమె వచ్చి నాయిన కడుపు నాలుగు చోట్ల గట్టిగా నొక్కింది. నాయినకు చక్కిలిగిలి పుట్టి నవ్వాడు. ఆమె కాగితం చింపేసింది.

రెండు రోజులకు ఇంటికి పంపారు. గేటు దగ్గర పక్క మంచం ఆమె "ఎట్లున్నడక్కా?" అని అడిగితే, అమ్మ మళ్ళీ "జర నయం చెల్లె" అంది. రిక్షా మలుపు తిరిగాక అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరకు వంగింది.

"పూరా నయమైంది బిడ్డా," అంది. నా చెంప ఆమె కన్నీళ్ళతో తడిసింది.