ముగ్గు రాళ్లు

పక్కింటి మేస్త్రీ మామ పోయాడన్న కబురు నాకు ఆయన భార్య నోటనే తెలిసింది. పొద్దున్నే గోడ అవతలి నుంచి అత్త పిలిచి, "మీ మామ కాఫీ తాగినాడమ్మా, గ్లాసు కింద పెట్టినాడు, మళ్లీ లేయలేదు" అంది. ఎనభై దాటిన మనిషి. ఎవరి చేతా చేయించుకోకుండా వెళ్లిపోయాడు. నాకు ఏడుపు వచ్చింది, దాంతోపాటు కోపం కూడా వచ్చింది. ఇంకో రెండు వారాలు ఆగితే ఏం పోయింది? ఐప్పసి నెల వానలు, అంటే దీపావళి నాటి వానలు, ఇంకా మొదలు కాలేదు. ఆయన కాచుకుని కూర్చున్నది వాటి కోసమే.

రాజపాళయంలో మా వీధి పడమటి కొండల వైపు నుంచి కన్మాయికి దిగే వాలులో ఉంది. చెరువును మా వైపు కన్మాయి అంటారు. కొండ నీళ్లు చెరువుకు పోయే కాలువ ఒకప్పుడు వీధి పక్కనే తెరిచి ఉండేదట. నేను కోడలిగా వచ్చేనాటికే దాన్ని మూసేశారు. ఇళ్లవాళ్లంతా కలిసి పైన బండలు పరిపించి, సిమెంటు పూయించి, దానిమీద మెట్లు కట్టించుకున్నారు. కట్టింది మేస్త్రీ మామే. కార్లు లోపలికి పోవడానికి దారి వచ్చింది, మాకు ముగ్గు వేసుకోవడానికి వెడల్పాటి జాగా దొరికింది. కింద పూడిక పేరుకుపోతున్న సంగతి ఎవరికీ పట్టలేదు. వానలు నిదానంగా పడినన్నాళ్లూ అలాగే గడిచిపోయింది. ఈ మధ్య నెలంతా పడాల్సిన వాన ఒక్క పూటలోనే కుమ్మరించడం మొదలైంది. నీళ్లకు దారి లేక ఇళ్లలోకి వచ్చాయి. మాది బ్యాండేజీ గుడ్డ వ్యాపారం. ఒక ఏడాది కింది గదిలో పెట్టిన సరుకంతా బురదపాలైంది.

ఆ మర్నాడు మామ వచ్చి, పాడైన గుడ్డలోంచి కొంచెం అడిగాడు. ఇల్లు తుడుచుకోవడానికేమో అనుకుని ఇచ్చాను. ఆయన దాన్ని పేలికలుగా చింపి, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో చూసి, ప్రతి గేటుకూ అంత ఎత్తులో ఒకటి కట్టుకుంటూ పోయాడు. ఆ తరువాత పెద్ద వాన పడ్డప్పుడల్లా అదే పని. మన గేట్లన్నీ కాళ్లు విరగ్గొట్టుకుని కట్టు కట్టించుకున్నట్టున్నాయి మామా అని ఏడిపించేదాన్ని. ఆయన నవ్వి, "కట్టు చూస్తేనే కదమ్మా దెబ్బ ఎక్కడుండాదో తెలిసేది" అనేవాడు. ఎదురింటి మిల్లు సూపర్‌వైజరు మాత్రం తన గేటుకు కట్టిన పేలిక విప్పి పారేసేవాడు. మామ మళ్లీ కట్టేవాడు.

మామ జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. ఎవరింటికి వెళ్లినా ముందు నేల వాలు చూసేవాడు. ఒకసారి పెళ్లి పందిట్లో గ్లాసెడు నీళ్లు నేలమీద ఒలకబోసి, అవి ఎటు పోతాయో చూస్తూ నిలబడ్డాడు. ఇంకెప్పుడూ ఈయనతో విందుకు రానని అత్త అప్పుడే ఒట్టు పెట్టింది. మళ్లీ నెలకే ఇంకో పెళ్లికి ఇద్దరూ కలిసే వెళ్లారు.

పోయిన ఏడాది మునిసిపాలిటీవాళ్లు మా వార్డు జనాన్ని పిలిచి కూటం పెట్టారు. ఎండలూ వానలూ మునుపటిలా లేవు, వాటికి తగ్గట్టు ఊరిని సర్దుకోవాలి, మీ వీధికి ఏం కావాలో మీరే చెప్పండి, ప్లానులో రాస్తాం అన్నారు. ఒకరు నీళ్లు తోడే మోటారు పెట్టమన్నారు. ఒకరు వీధి ఎత్తు పెంచమన్నారు. మామ లేచి, ఎత్తు పెంచితే మన నీళ్లు కింది వీధివాళ్ల ఇళ్లలోకి పోతాయని చెప్పి, మూరెడు బ్యాండేజీ గుడ్డ తీసి పరిచాడు. దానిమీద ఇంటింటికీ నీళ్లు వచ్చిన ఎత్తు గీసి ఉంది. కాలువ తెరిస్తే తప్ప లాభం లేదన్నాడు. అంటే అందరి మెట్లూ పోతాయి. ఎదురింటాయన లేచి, మూసింది మీరే కదా అన్నాడు.

"నేనే. మీరందరూ అడిగినారు, నేను మూసినాను" అన్నాడు మామ. "నీళ్లు ఎట్ల పోతాయని అప్పుడు నేను అడగలేదు. తాపీ నా చేతిలో ఉండింది, తప్పు నాదే. సరి, రేపు నా ఇంటి మెట్లు మొదట తీస్తాను."

అన్నట్టే తీయించాడు. అత్త మోకాళ్ల నొప్పితో, మామ భుజం పట్టుకుని, కాలువమీద వేసిన చెక్కమీద నడిచి వీధిలోకి వచ్చేది. ఆమె తిట్లు వీధంతా వినపడేవి. అయినా నెల రోజులు మిగతా ఇళ్లు ఒక్కటీ కదల్లేదు. మాదీ కదల్లేదు, ఒప్పుకుంటున్నాను. మెట్లు పోయినా నాకు బాధ లేదు. పొద్దున్నే వాకిట్లో ముగ్గు లేకపోతే ఎట్లా అన్నదే నా పట్టు. ఆ మాట ఆయనతోనే అన్నాను. కొన్నాళ్లకు ఇద్దరు పనివాళ్ల చేత ఒక రాతిపలక మోయించుకొచ్చి, మా గుమ్మం ముందు దింపించాడు. స్కూటరు దాటేంత వెడల్పు, రెండు పక్కలా ఇనుప కడియాలు.

"కాలువ తెరిచినాక దీన్ని పైన పెట్టించి, ముగ్గు దీనిమీద వేసుకో. ఐప్పసికి ముందు కడియాలు పట్టి ఎత్తి, పూడిక తీయించు. మూసేది తప్పు కాదమ్మా. మళ్లీ తెరిచేదానికి లేకుండా మూసేది తప్పు."

నేను సిగ్గుపడి ఆ వారమే మెట్లు పగలగొట్టించాను. తరువాత ఒక్కొక్క ఇల్లే దారికొచ్చింది. ఆఖరికి ఎదురింటాయన కూడా వచ్చి, మాకు కారు ఉంది, రెండు రాళ్లు కావాలన్నాడు. మామ పాత సంగతులేవీ ఎత్తకుండా కొలత తీసుకున్నాడు. వీధి పొడవునా కాలువ తెరిచి, పూడిక తీసి, రాళ్లు వేయడం ఐప్పసికి ముందు నెల, ఈ పురట్టాసిలో పూర్తయింది. వార్డు ప్లానులో మా ముగ్గు రాళ్లు ఎక్కాయి. పక్క ఊరు సత్రపట్టి నుంచి కూడా కొందరు వచ్చి చూసి వెళ్లారు. మామ వాళ్లకు రాయి ఎత్తి చూపించి, చిన్నపిల్లాడిలా సంతోషపడ్డాడు. ఆ వారంలోనే పోయాడు.

పదహారో రోజు కర్మకు ఇల్లు నిండా చుట్టాలు. భోజనాల వేళకు ఆకాశం చిల్లుపడ్డట్టు వాన దిగింది. అలవాటుకొద్దీ అందరం చెప్పుల కోసం వాకిట్లోకి పరుగెత్తాం. అంతకు ముందు వానకు మా చెప్పులు బస్టాండు దాకా ప్రయాణం కట్టాయి మరి. ఈసారి చెప్పులన్నీ విడిచినచోటే ఉన్నాయి. నీళ్లు రాళ్ల కింద హోరుమని పోతున్నాయి. ఎదురింటాయన తన గేటు దగ్గర గొడుగు పట్టుకుని, తలవంచి కాలువలోకి చూస్తున్నాడు.

అత్త గుమ్మంలో కూర్చుని చాలాసేపు ఆ చప్పుడు విన్నది. తరువాత నావైపు తిరిగి, "గుడ్డ ఉండాదా? మీ మామ ఉంటే ఇంతలో కట్టి ఉంటాడు" అంది.

పేలిక తెచ్చాను. నీళ్లు ఏ గేటుకూ తగల్లేదు కాబట్టి గేటుకు కట్టడానికి లేదు. ఆయన ఇంటి ముగ్గు రాయి కడియానికి కట్టాను. గుడ్డ కొస కాలువలోకి జారి, నీళ్లను అందుకుని, కన్మాయి వైపు చాచుకుని, వాన వెలిసేదాకా ఊగుతూనే ఉంది.