లైన్‌లోనే ఉండప్పా

యలహంకలో ఒక నర్సింగ్ కాలేజీ కంప్యూటర్లు చూసుకునే ఎబినేజర్‌కు ముక్కు మీదే కోపం. రెండువేల మూడులో కాలేజీవాళ్ళు కొన్న కొత్త రౌటర్ వారం తిరక్కముందే మొరాయించి, ఆయన కోపానికి చేతినిండా పని కల్పించింది. అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే "లైన్‌లోనే ఉండండి" అని ఒక ట్యూన్ వినిపించేవారు. అది వింటూ ఉండగానే ఫోన్ కట్టయ్యేది. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే ట్యూన్.

ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించేదీ ఆయనే. కానుకల సంచి తిరుగుతుండగా ఆయన వేళ్ళు వాటంతటవే ఆ ట్యూన్ ఎత్తుకున్నాయి. ఇంట్లోనూ ఆయన నోట అదే కూనిరాగం విని విసిగిపోయిన భార్య లిడియా తల పట్టుకుంది. పాస్టరుగారు మాత్రం కొత్త కీర్తన అనుకుని కళ్ళు మూసుకుని తల ఊపారు.

ఆరాధన ముగిశాక, చర్చికి కొత్తగా వచ్చిన ఒకతను సంబరంగా దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఇది మా ఆఫీసు ఫోన్లో వచ్చే ట్యూన్ కదా! నేను ఆడ సపోర్టులోనే ఉండాను."

ఎబినేజర్ మొహం వెలిగిపోయింది. అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"దేవుడు నా మొర ఆలకించినాడప్పా! పద, కాలేజీ ఈ పక్కనే ఉండాది."

"అన్నా, ఈ పొద్దు ఆదివారం..."

"లైన్‌లోనే ఉండప్పా," అన్నాడు ఎబినేజర్, చెయ్యి వదలకుండా.