సగం తిప్పిన తాళం

మేస్త్రి మామ పోయాడన్న కబురు పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున ఎనిమిదింటికి నాన్న ఫోన్లో చెప్పాడు. నరసరావుపేటలో మా ఇంటి గోడకి అవతల ఆయన కార్లు బాగుచేసే షెడ్డు, దాని వెనకే ఇల్లు. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి తెల్లవారి నమాజుకి లేవలేదట. "మధ్యాహ్నం నమాజుకి తీసుకెళ్తారంట. ఒకటిన్నరకి ఇంటికాడ నుంచి కదులుతారు. ఆలోపు వస్తే మీ మామ మొహం చూస్తావు," అన్నాడు నాన్న.

నేను వెల్దుర్తి దగ్గర ఒక బడిలో టీచరుని. అక్కడే గది తీసుకుని ఉంటున్నాను. పేటకి కారులో రెండు గంటలు. సమయం బాగానే ఉంది. బడికి సెలవు చెప్పి, కారెక్కి తాళం తిప్పాను. ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. మళ్లీ తిప్పాను. అదే.

నా సెకండ్ హ్యాండ్ కారు ఆయన ఎంచి కొనిపించిందే. ఆయన్ని చివరిసారి చూడాల్సిన రోజే అది మొరాయించింది. ఆ పొద్దున నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇప్పుడు ఆయన గురించి రాద్దామని కూర్చున్నా ముందు ఆ కోపమే వస్తోంది.

నిజం చెప్పాలంటే, బతికున్నప్పుడు కూడా ఆయన నిదానం మా అందరికీ ఒళ్లుమంటగానే ఉండేది. తాడు కట్టి లాక్కొచ్చిన కారు షెడ్డు ముందు ఆగుతుంది. యజమాని చెమటలు తుడుచుకుంటూ దిగుతాడు. మేస్త్రి మామ బానెట్ ఎత్తడు. స్టూలు లాక్కుని కారుకి ఎదురుగా కూర్చుని అడగడం మొదలుపెడతాడు. ఎప్పటి నుంచి ఇట్టా? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కినాకా? వాన పడిందా? నిన్న బండి మీద చెయ్యేసిందెవరు?

ఒకసారి కోర్టుకి ఆలస్యమైపోతున్న ఒక గుమాస్తా విసుక్కున్నాడు. "నేను బండి బాగుచేయించుకోటానికి వచ్చానా, సాక్ష్యం చెప్పటానికి వచ్చానా మేస్త్రీ?"

"సాక్ష్యానికే సార్. బండికి నోరు లేదు గదా, మీరే చెప్పాల."

ఆ మాటల మధ్యలో పక్కన ఏ ఇంజనన్నా ఊరికే తిరుగుతుంటే ఆయన ఓర్చుకునేవాడు కాదు. కిటికీలోంచి చెయ్యి పెట్టి, ఎవరి కారైనా సరే, ఆపేసేవాడు. "మనుషులు మాట్లాడుకునేటప్పుడు ఇది ఆగాల" అనేవాడు.

ఆ నాలుగు ప్రశ్నల్లో చివరిదే ఆయనకి ముఖ్యం. నిన్న బాగా నడిచిన బండి రాత్రికి రాత్రి దానంతట అది చెడిపోయిందంటే ఆయన అంత తేలిగ్గా నమ్మడు. కానీ ఎవరినడిగినా ఒకటే జవాబు, ఎవరూ ముట్టుకోలేదని.

మా నాన్న కూడా అదే చెప్పాడు ఒక దసరా మర్నాడు. నాన్నకి ట్రాలీ ఆటో ఉంది. కూరగాయల లోడు ఎత్తుకుని మార్కెట్టుకి వెళ్లాలి, తాళం తిప్పితే టక్ మని ఆగిపోతోంది. బ్యాటరీ పోయిందని తిట్టుకుంటూ కొత్తది కొనడానికి బయల్దేరబోతుంటే మేస్త్రి మామ గోడ దిగి వచ్చాడు.

"నిన్న చెయ్యేసిందెవరు?"

"పండగపూట ఎవరు ముట్టుకుంటారు బావా? పూజ చేసి పక్కన పెట్టా."

ఆయన నాన్నని వదిలేసి అమ్మ వైపు చూశాడు. అమ్మ తల దించుకుంది. "బ్యాటరీకి కూడా బొట్టు పెట్టా అన్నయ్యా," అంది.

జరిగింది ఇది. నాన్న బ్యాటరీ వైర్లు విప్పి శుభ్రంగా కడిగాడు. అమ్మ వైర్లు తగిలించే ఆ రెండు బుడిపెలకీ దండిగా పసుపు రాసి కుంకుమ పెట్టింది. నాన్న దాని మీదే వైర్లు బిగించాడు. ఎండిన పసుపు అడ్డం పడి కరెంటు పోవడం లేదు. మేస్త్రి మామ నవ్వలేదు. చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే పాత పళ్ల బ్రష్షు తీసి, వేణ్ణీళ్లు అడిగి, రెండు బుడిపెలూ తెల్లగా తోమాడు.

"చెల్లెమ్మా, బొట్టు ఇక్కడ మూత మీద పెట్టు. వీటికొద్దు. దేవుడు యాడ పెట్టినా చూస్తాడు. కరెంటుకి కళ్లు లేవు."

వైర్లు బిగించాక కూడా నాన్నని తాళం తిప్పనివ్వలేదు. అమ్మ కుంకుమ భరిణె తెచ్చి మూత మీద బొట్టు పెట్టేదాకా నిలబడ్డాడు. నాన్న లోడు ఆలస్యమవుతోందని గొణుగుతూనే ఉన్నాడు. ఆ తర్వాత ప్రతి దసరాకీ గోడ మీద నుంచి ఒక కేక వినపడేది. "చెల్లెమ్మా, మూత మీదే."

మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. ఆయనకీ అక్షరం రాదు. కొత్త రకం కారు వచ్చి, ఫ్యూజుల పెట్టె మూత మీద ఇంగ్లీషు ఉంటే గోడవతల నుంచి పిలుపొచ్చేది. "అమ్మాయ్, ఇంగ్లీషొచ్చింది, రా." ఇంటర్ చదివేటప్పుడు, పరీక్షల ముందు కూడా ఆ పిలుపు ఆగేది కాదు. నేను విసుక్కుంటూ వెళ్లి అక్షరాలు చదివేదాన్ని. ఏ ఫ్యూజు ఏ పని చేస్తుందో ఆయన చెప్పేవాడు. ఒకసారి విన్నది రెండోసారి అడిగేవాడు కాదు.

చదవడం అయ్యాక పోనిచ్చేవాడా, అదీ లేదు. డ్రైవరు సీట్లో కూర్చోబెట్టేవాడు.

"తాళం సగం తిప్పి ఆపు. ఇను."

"ఏం వినపడట్లా మామా."

"మళ్లీ. వెనక సీటు కింద."

రెండు సెకన్లు, సన్నగా, తేనెటీగ గాజు గ్లాసులో పడినట్టు ఒక చప్పుడు. పెట్రోలుని ఇంజనుకి తోసే చిన్న మోటరు అది. "అది రాకపోతే పెట్రోలు కదల్లేదని. అది ఇనకుండా ఊరికే సెల్ఫ్ కొడితే బ్యాటరీ చస్తది."

ఒకరోజు నేను అరిచేశాను. "రేపు నాకు పరీక్ష. నాలుగు సామాన్లు మార్చిపారెయ్యొచ్చుగా, ఏదో ఒకటి తగులుద్ది."

"తగులుద్ది. అప్పుడు జబ్బేందో నీకూ తెలవదు, నాకూ తెలవదు," అన్నాడు. ఆయన గొంతు పెరగలేదు, దానికి నాకు ఇంకా మండింది.

కారు కొన్న రోజు ఆయన చెప్పింది ఒక్కటే. "చెడిపోతే తాళం ఎవురి చేతికీ ఇవ్వమాకు. ముందు నువ్వు ఇను."

ఆ సోమవారం నేను తాళం ఇచ్చేశాను.

ఇంటి ఓనరు వచ్చాడు, టీ కొట్టు దగ్గరున్న ఇద్దరు లారీ డ్రైవర్లు వచ్చారు. "మీరు దిగండి మేడం" అన్నారు, దిగాను. ఒకరు పెట్రోలు లేదన్నారు, ఒకరు ప్లగ్గులన్నారు, ఒకరు బ్యాటరీ అన్నారు. తలా నాలుగుసార్లు సెల్ఫ్ కొట్టారు. నిన్న ఎవరైనా ముట్టుకున్నారా అని ఓనరు అడిగాడు కూడా. ఎవరూ ముట్టుకోలేదన్నాను. మాచర్లలో మారి పేటకి పోవచ్చు, ఆ బస్సు నా కళ్ల ముందే వెళ్లిపోయింది. ఎక్కుదామని కదిలితే, "ఐదు నిమిషాల్లో అయిపోద్ది మేడం" అన్నారు. నేను బ్యాగు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఇంజను గొంతు తగ్గుతూ వస్తోంది. పిల్లలకి ధైర్యంగా అడగమని పాఠాలు చెప్పే నేను, నా కారు గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

పదిన్నరకి నాన్న ఫోను. "యాడిదాకా వచ్చావే?"

"ఇంకా కదల్లేదు నాన్నా. కారు స్టార్టవట్లేదు."

"ఏందే, ఇప్పుడా చెప్పేది? మేస్త్రికి ఒక ఫోను..." అని ఆగిపోయాడు.

ఫోను పెట్టేసి వెళ్లి నా తాళం నేను తీసుకున్నాను. అందరినీ ఒక్క నిమిషం మాట్లాడొద్దన్నాను. "మేడం పాఠం చెప్తది ఇంక," అన్నాడొకతను. తలుపేసి, అద్దాలు పైకెత్తి, తాళం సగం తిప్పి విన్నాను. వెనక సీటు కింద ఏ చప్పుడూ లేదు. మళ్లీ తిప్పాను. లేదు.

నిన్న చెయ్యేసిందెవరు? నేనే. ఆదివారం మాచర్లలో ఒక చిన్న కొట్టులో ఫోను చార్జరు పెట్టించుకున్నాను. అతను ఫ్యూజుల పెట్టె తెరిచి, అక్కడి నుంచే వైరు లాగాడు. పొద్దుటి నుంచీ ఎవరూ ముట్టుకోలేదని చెబుతున్నది నేను, అచ్చం నాన్నలాగా.

స్టీరింగు కింద పెట్టె మూత తీసి చదివాను. పెట్రోలు మోటరు ఫ్యూజు సగం పైకి లేచి ఉంది. గతుకుల్లో ఇంటిదాకా ఎలాగో వచ్చి, ఆఖరికి జారినట్టుంది. బొటనవేలితో నొక్కాను. తాళం సగం తిప్పితే ఆ చప్పుడు వచ్చింది. కానీ సెల్ఫ్ కొట్టేంత బలం బ్యాటరీలో మిగల్లేదు. వాళ్లే తోశారు, గట్టిగానే తోశారు. ఇంజను అందుకునేసరికి పదకొండు దాటింది. బొటనవేలితో అయ్యే పనికి రెండున్నర గంటలు పోగొట్టుకున్నాను.

పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి లారీల వెనక ఇంకో పావుగంట పోయింది. హారన్ కొడుతూనే ఉన్నాను, ఎవరూ జరగలేదు.

మా వీధి మలుపు తిరిగేసరికి మామని మోసుకుంటూ వాళ్లు ఎదురొచ్చారు. కారు పక్కకి తీసి ఆపాను. ఇంజను నడుస్తూనే ఉంది. ఆపితే మళ్లీ అందుకుంటుందో లేదో తెలియదు. ఆపేశాను.

దిగి తలుపు దగ్గర నిలబడ్డాను. భుజాలు మారుతూ మంచం ముందుకు పోతోంది. మొహం కప్పేశారు. మల్లెపూల దుప్పటి తప్ప నాకేమీ కనపడలేదు. ముందు వరసలో భుజం పట్టి నాన్న నడుస్తున్నాడు. నన్ను చూశాడు, తల ఊపి పోయాడు.

వీధి ఖాళీ అయ్యాక మళ్లీ కార్లో కూర్చున్నాను. తలుపేసి, అద్దాలు పైకెత్తి, తాళం సగం తిప్పాను. వెనక సీటు కింద సన్నగా, రెండు సెకన్లు వినపడి ఆగింది. స్టార్ట్ చెయ్యలేదు. తాళం వెనక్కి తిప్పి, మళ్లీ సగం తిప్పాను.