మైకు లేని హాల్టులో నా అనౌన్స్‌మెంట్

నరసరావుపేటలో రైలు స్టేషనుంది, మాచర్లలోనూ ఉంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే మాత్రం గుంటూరు చుట్టి రావాలి, లేదా నాలాగా బస్సెక్కాలి. "మన పల్నాడులో చూట్టానికి ఏముంది బావా, నాపరాళ్లు తప్ప?" అని మా బావమరిది నలుగురిలో అన్నాడు. వాడు ఊటీ వెళ్లి జలుబు తెచ్చుకున్న మనిషి. వాడి నోరు మూయించడానికైనా నాపరాళ్లతో కట్టిన చిన్న స్టేషనొకటి చూసి రాయాలనిపించింది. నాది మైకుసెట్ల వ్యాపారం. ఆ రోజే పిడుగురాళ్లలో ఒక ఫంక్షనుకు చేతి మైకు, బ్యాటరీ స్పీకరు అందించాలి. రెండింటినీ సంచిలో వేసుకుని తెల్లవారుజామున ఐదింటికి మాచర్ల బస్సెక్కాను.

గురజాల రాకముందే, ఆరూ నలభై ఐదుకు, అడ్డరోడ్డు దగ్గర దిగాలి. "ఆ హాల్టుకా? యాడ దొరికావయ్యా! అక్కడ రైలే ఆగాలా వద్దా అని ఆలోచించి ఆగుద్ది" అన్నాడు కండక్టరు. అక్కణ్ణించి రెండు కిలోమీటర్లు, షేర్ ఆటోకు ఇరవై రూపాయలు. హాల్టు పేరు రాయడం లేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ఒక రాతిగది, ఒక బెంచీ, ఒక టికెట్ కిటికీ. హాల్టంటే స్టేషన్ మాస్టరు ఉండడు. ఊరివాడే ఒకడు పెద్ద స్టేషన్నుంచి టికెట్లు తెచ్చుకుని కమీషన్ మీద అమ్ముతాడు. ఇక్కడ ఆ పని సుబ్బయ్య బాబాయిది. పిడుగురాళ్లకు పది రూపాయల టికెట్ కొని కదిలించానో లేదో, చరిత్ర మొదలుపెట్టాడు.

"సాగర్ డ్యామ్ కట్టేటప్పుడు సిమెంటు ఈ లైన్లోనే మాచర్లకు పోయేదని మా నాయన చెప్పేవోడు. అప్పుడియి మీటరుగేజీ పట్టాలు. ఎదురుగాలి తగిలితే బండి ఆలోచన్లో పడేదనుకో! తర్వాత పెద్ద పట్టాలేశారు. ఇప్పుడు పొద్దున ఏడున్నరకు గుంటూరు వైపు ఒకటి, సాయంత్రం తిరుగు బండి ఒకటి. ఆగేది నిమిషమే."

"ఆలస్యమైతే ఎవరు చెబుతారు బాబాయ్?"

"చెప్పటానికి మైకేదిరా? అర్జీలు పెట్టి పెట్టి నా పెన్నులు అరిగినయ్."

ఉత్తుత్తి మాటలతో జనాన్ని ఆటపట్టించడం నాకు పాత అలవాటు. అక్కడే నా చేతికి దురద పుట్టింది.

బెంచీ మీద ముప్పై దాటిన ఒకామె నోట్సు చూస్తూ గొణుక్కుంటోంది. ఆమె పేరు మల్లేశ్వరి అనీ, రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో కూలి అనీ, తొమ్మిదింటికి పిడుగురాళ్లలో ఓపెన్ స్కూల్ పదో తరగతి పరీక్ష రాయాలనీ నాకప్పటికి తెలియదు. గది వెనక్కి వెళ్లి, ముక్కు పట్టుకుని, మైకందుకున్నాను.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. గుంటూరు వెళ్లవలసిన ప్యాసింజరు అరగంట ఆలస్యముగా నడుచుచున్నది. మీ అసౌకర్యమునకు చింతించుచున్నాము."

మైకే లేని చోట ఎవడు నమ్ముతాడు, నవ్వుకుంటారులే అనుకున్నాను. "ఒరేయ్, మనకి మైకొచ్చింది రోయ్!" అని ఎవరో అరిచారు. చప్పట్లు కొట్టారు. బాబాయ్ బయటికొచ్చి గది కప్పుకు దణ్ణం పెట్టాడు. "ఇన్నాళ్లకు నా అర్జీ చదివార్రా!" ఇద్దరు టీకి పోయారు. "అరగంట ఉందిగా, బర్రెకు కుడితి పెట్టొస్తా" అంటూ మల్లేశ్వరి నోట్సు సంచిలో పడేసి ఊళ్లోకి నడిచింది.

ఇక దాచలేక మైకు తీసుకెళ్లి బాబాయికి చూపించాను. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"మల్లేశ్వరికి పరీక్షరా. ఇదిపోతే మళ్ళీ సాయంత్రమే బండి. అడ్డరోడ్డు కాడ బస్సు దొరికి పోయేసరికి తొమ్మిది దాటిద్ది. అంగన్‌వాడీ పోస్టు కోసం మూడోసారి రాస్తంది."

అప్పుడే గురజాల వైపునుంచి హారన్ వినిపించింది.

ఊళ్లోకి పరిగెత్తాను. స్పీకరు సంచి భుజాన, మైకు చేతిలో. "ఆలస్యం లేదు! రైలొచ్చేసింది! ఇందాక చెప్పింది నేనే! నేనొక పనికిమాలినోణ్ణి!" జనం గుమ్మాల్లోకి వచ్చారు. మల్లేశ్వరి కుడితి బకెట్‌తో గొడ్ల చావిడి దగ్గర నిలబడి ఉంది.

"ఎవడ్రా నువ్వు?"

"మైకునక్కా! పరిగెత్తు!"

ఆమె బకెట్ వదిలేసింది. కుడితంతా నా ప్యాంటు మీదే. "నీ సంగతి రైలెక్కినాక చెప్తా" అని నాకంటే ముందే ఉరికింది.

నిమిషం ఎప్పుడో దాటింది, బండి మాత్రం నిలబడే ఉంది. చివరి పెట్టె దగ్గర బాబాయ్ గార్డు చెయ్యి పట్టుకుని మైకు ఎందుకు కావాలో మొదట్నుంచీ వివరిస్తున్నాడు. మేం చేరేసరికి కథ ఇంకా సాగర్ డ్యామ్ సిమెంటు దగ్గరే ఉంది. మేమెక్కాక, "సరే సారూ, మిగతాది రేపు చెప్తా" అని చెయ్యి వదిలాడు. గార్డు నవ్వుతూ జెండా ఊపాడు.

కూర్చోగానే మల్లేశ్వరి నోట్సు నా ఒళ్లోకి విసిరింది. "అడుగు. నా టైమంతా నువ్వే తిన్నావుగా."

"ద్ర... ద్రవ్యో... దీన్నేమంటారో చెప్పు."

"ద్రవ్యోల్బణం. అదే చదవలేవా? ఎందాకా చదివావేంది?"

"పది దాకా. పది తప్ప."

అప్పుడు నవ్వింది. నలభై నిమిషాల దారంతా నేను తప్పుగా చదవడం, ఆమె దిద్దడం. ఎనిమిదిన్నరకు దిగాం. ఆటోలో సెంటర్ గేటు దాకా దించాను.

ఫంక్షనులో మైకు అప్పగించి, తవుడు సంచి కొనుక్కుని సాయంత్రం బండిలో ఆమెతోపాటే ఆ హాల్టుకు వెళ్లాను. "ద్రవ్యోల్బణం వచ్చింది" అంది. ఆమె బర్రెకు తవుడు, బాబాయికి క్షమాపణ ఇచ్చాను. బాబాయ్ తిట్టలేదు. "గొంతు మాత్రం అచ్చం రైల్వే వాళ్లదేరా" అన్నాడు. అది పొగడ్త కాదని నాకు తెలుసు. ఇన్నేళ్లలో నా మాట నమ్మి మోసపోయినవాళ్లు చానామంది. నమ్మి చప్పట్లు కొట్టింది మాత్రం వీళ్లే. వాళ్లను నమ్మించింది నా తెలివి కాదు, ఏళ్ల తరబడి పెట్టిన అర్జీలు. ఆ ఐదు నిమిషాలు వాళ్లకెంత సంతోషంగా ఉందో చూశాను కనుక, ఈసారి అర్జీ మీద నా సంతకం కూడా పెట్టి వచ్చాను.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. మాచర్ల లైనులో ఏ చిన్న హాల్టుకు వెళ్లినా పావుగంట ముందే చేరి, చిల్లరతో టికెట్ కొనుక్కుని, పట్టాలు కనిపించేలా కూర్చోండి. మైకులో రైలు ఆలస్యమని వినిపిస్తే బెంచీ మీంచి ఇంటికి పోకండి, గది వెనక్కి వెళ్లి వాడి చెవి పట్టుకోండి.