మా గదిలో సర్కారు దిగిపోయిన వైనం

ఆ రోజుల్లో నేను చదివింది కొంచెం, వంటబట్టింది ఇంకా కొంచెం, నలుగురికీ చెప్పాలన్న దురద మాత్రం బోలెడు. తొంభైల నడుమ గల్ఫులో, మెసయీద్ కంపెనీ క్యాంపులో, ఆరుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. గదికి పెద్ద ఒకాయన, జగిత్యాల వైపు నుంచి వచ్చిన వెల్డరు. ఆయనకు 'సర్కారన్న' అని పేరు పెట్టింది నేనే. (మనది బి.ఏ. రాజనీతిశాస్త్రం, కొలువేమో స్టోర్సులో బోల్టులు అందించడం.) లైటు ఎప్పుడు ఆర్పాలో, స్నానానికి ఎవరు ముందో, అన్నీ ఆయన చెప్పినట్టే. ఏసీ నాబ్ ఊడదీసి లుంగీలో దోపుకునేవాడు. ఆయన అలిగి గది మారాడని పాత మిత్రులు ఇప్పటికీ అంటారు. పాపం, ఆయన అలగలేదు. దించింది నేను.

ఓ శుక్రవారం ఆయన వండిన పప్పే తింటూ ఉపన్యాసం అందుకున్నాను. "అమెరికాను కట్టినవాళ్లు ఏమన్నారు? మనిషినీ వాడి సొత్తునీ కాపాడటం వరకే ప్రభుత్వం పని. మిగతాదంతా ఎవడిష్టం వాడిది. అధికారం ఒక్కడి చేతిలో ఉండకూడదు!"

"గట్లనా? నా చేతుల ఏమున్నది తమ్మీ?"

"ఏసీ నాబ్ ఉంది కదన్నా!"

గదంతా ఘొల్లుమంది. ఆయనా నవ్వి, నాబ్ తీసి నా కంచం పక్కన పెట్టాడు. "యల్లా, ఇగ కానియ్యుండ్రి, మీరే ఏలుకోండ్రి." మర్నాడే పెట్టె సర్దుకుని పక్క బ్లాకుకు మారిపోయాడు.

మా స్వేచ్ఛ వారం సాగింది. ఒకడికి చలి, ఒకడికి ఉక్క; తిప్పగా తిప్పగా ఏసీ మూలిగి ఆగిపోయింది. వంట చేయమని ఎవరూ ఎవరినీ శాసించలేదు, కనుక వంటే లేదు. ఖుబూస్ రొట్టెలు ఊరగాయలో అద్దుకుని తింటుంటే ఆయన పోపు వాసన గుర్తొచ్చేది. చివరికి నేనే ఆయన దగ్గరికి వెళ్లాను. మంచం మీద కాళ్లు చాపుకుని రేడియో వింటున్నాడు.

"తప్పయిందన్నా, వచ్చెయ్. నువ్వు లేక అది గదిలా లేదు."

"నేను రాను తమ్మీ. ఇన్నేండ్లు మీకన్న ముందు లేశి, వండి, మిమ్మల్ని లేపి డ్యూటీకి తోలిన. ఈడ నన్ను అడిగెటోడు లేడు. నువ్వు చెప్పిన స్వతంత్రం మీకేమో గానీ, నాకు మాత్రం దొరికింది!" అని పకపకా నవ్వాడు.

తలుపు దగ్గర ఆగి, "శుక్రవారాలు వచ్చిపోనా అన్నా?" అన్నాను.

"నీ ఇష్టం."

అన్నేళ్లలో ఆయన నాతో ఆ మాట అనడం అదే మొదలు. అంతవరకు నేను కోరింది ఆ మాటే. తీరా వినేసరికి, ఇంట్లోంచి వెళ్లగొడితే వచ్చినవాడిలా నడిచాను.

ఇప్పుడు మా ఇంట్లో భార్యా పిల్లలూ దేనికైనా "మీ ఇష్టం" అనేస్తారు. ఆ అమెరికా పెద్దలు చూస్తే మెచ్చుకునేంత స్వేచ్ఛాజీవిని. అయినా బజారులో వెనక నుంచి ఎవరైనా "ఏయ్, ఇటు రా!" అని గద్దిస్తే, నన్ను కాదని తెలిసీ, ఆశగా వెనక్కి తిరిగి చూస్తుంటాను.