గోదాముకి సున్నం కొట్టిన నూకరత్నం

ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే చీపురు పట్టకుండా ఉండలేదు మా నూకరత్నం. ఆ శుభ్రమే ఒకసారి ఆమె కొంప ముంచబోయింది.

చోడవరంలో మా వీధి చివర ఆమె మామగారి బెల్లం గోదాము పద్దెనిమిదేళ్లుగా మూతబడి ఉండేది. ఆమె అద్దె గదిలో ఆరు మిషన్లు పెట్టి, మరో అయిదుగురు ఆడవాళ్లతో కలిసి స్కూలు యూనిఫారాలు కుట్టేది. వానలు పడేలోపు గది ఖాళీ చెయ్యమన్నాడు యజమాని. పాడుబడ్డ కట్టడాన్ని బాగుచేసి పని పెట్టుకుంటే ఖర్చులో సగం ప్రభుత్వం ఇస్తుందని తెలిసి దరఖాస్తు పెట్టింది. అది రాకపోతే గోదాముకి కప్పు పడదు, ఆరుగురికీ పని ఉండదు.

"చెప్పులు అరగడం తప్ప ఏమీ రాదు" అన్నాను నేను. నా నోరు అలాంటిది.

తనిఖీకి ఆఫీసరు హిమబిందు గారు వస్తున్నారని కబురొచ్చింది. అంతే! నూకరత్నం తుప్పలు కొట్టించింది, కూలిన పెంకులు ఏరించి వరసగా పేర్పించింది, గోడలకి సున్నం కొట్టి గుమ్మానికి మామిడాకులు కట్టింది.

ఆఫీసరమ్మ చుట్టూ చూసి తెల్లబోయింది. "ఇది పాడుబడ్డదెలా అవుతుందమ్మా? బాగున్న కప్పుని మొన్ననే విప్పినట్టుంది."

"పెద్దోలు వస్తన్నారని శుభ్రం సేసేనమ్మా" అంటూ నూకరత్నం ఏడుపు మొదలుపెట్టింది.

అప్పుడు ఎదురింటి అచ్చియ్యమ్మ బయటికొచ్చింది. తొమ్మిదేళ్లుగా ఆ ఇద్దరికీ మాటల్లేవు. "పాడుబడలేదా? ఏటమ్మా మీరంతన్నారు! ఇందులోంచి నా వంటింట్లోకి ఎన్ని పాములొచ్చేయో తెలుసా?" అంటూ ఒక సంచి బోర్లించింది. గోదాము మీద ఏటేటా పంచాయతీకి పెట్టిన ఫిర్యాదులు! ప్రతి కాగితం మీదా ముద్ర, తేదీ, కూలిన కప్పు ఫొటో.

హిమబిందు గారు ఎండలోనే గట్టు మీద కూర్చుని అన్నీ ఓపిగ్గా చదివింది. "ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?" అని అక్కడే రాసిచ్చింది. ఆ తల్లి చల్లగా ఉండాలి. సాయం మంజూరైంది, వానలకి ముందే రేకులు పడ్డాయి. నా మాట నేను వెనక్కి తీసుకున్నాను.

మిషన్లు గోదాములోకి మార్చిన రోజు నూకరత్నం అక్క వరస కలిపి అచ్చియ్యమ్మ చేతులు పట్టుకుంది. "అప్పా, నీ రుణం ఎలా తీర్సుకోను?"

"ఊరుకోయే! నీ గోదాము మీద కోపం గానీ, నీ కూడు మీద నాకేటి కోపం?" అంది అచ్చియ్యమ్మ, కళ్లు తుడుచుకుంటూ.